నల్లా నీళ్లలో అమ్మోనియా: అక్వేరియంలో పోయకముందే తీసేసే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

"నీళ్లు మార్చిన సాయంత్రమే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి." "తొట్టి అంతా కడిగి కొత్త నీళ్లు పోశాక కూడా అమ్మోనియా కిట్టులో, అమ్మోనియా ఉందని చెప్పే ఆకుపచ్చ రంగే వస్తోంది." "యాంటీ క్లోరిన్ వేశాను కదా, మరి అమ్మోనియా ఎక్కడిది?" హన్మకొండ, కాజీపేట, వరంగల్, కరీంనగర్ నుంచి అక్వేరియం పెట్టుకున్నవాళ్లు అడిగే ప్రశ్నలు చాలావరకు ఇవే. వీటన్నిటికీ కలిపి పని చేసే పద్ధతి ఒకటుంది. అమ్మోనియాను సరిచేయాల్సింది తొట్టిలో కాదు, తొట్టి పక్కన పెట్టిన డ్రమ్ములో. చేపలున్న నీళ్లలో మందులు కలుపుతూ పోతే వాటి మొప్పల మీద ప్రయోగం చేసినట్టే అవుతుంది.

ఇక్కడ చెప్పేది మంచినీటి చేపలకు. గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్, ఏంజెల్, టెట్రా, ఏది పెంచినా ఇదే వరస.

## 1. ముందు సమకూర్చుకోవాల్సినవి

కిట్టు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. రంగూ వాసనా చూసి అమ్మోనియాను పట్టుకోలేం. చేపకు ప్రాణం మీదకు తెచ్చే మోతాదు మన ముక్కుకు అందదు.

- అమ్మోనియా కొలిచే చుక్కల కిట్టు, సాలిసిలేట్ రకం. కాగితపు పట్టీలు తక్కువ మోతాదుల్లో సరిగ్గా చూపించవు. నెస్లర్ రకం కిట్టులో పాదరసం ఉంటుంది, పైగా కొన్ని వాటర్ కండిషనర్లు (చేపలకు పనికొచ్చేలా నీళ్లలో కలిపే మందులు) వేసిన నీళ్లలో తప్పు రీడింగ్ ఇస్తుంది.
- పీహెచ్ (నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) కిట్టు. 8 దాటిన పీహెచ్‌ను కూడా చూపించేది కావాలి, బోరు నీళ్లకు అది తప్పనిసరి.
- క్లోరిన్ చూసే ఓటీ (ఆర్థోటోలిడిన్) ద్రావణం. నల్లా నీళ్లు తనిఖీ చేసే సిబ్బంది చేతిలో ఉండేది ఇదే, చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి.
- క్లోరిన్‌ను తీసేసే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ స్ఫటికాలు.
- గ్రాముల్లో తూచే చిన్న డిజిటల్ త్రాసు, మెడికల్ షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి.
- మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ము, తాగునీళ్లకు వాడేది. ఫినాయిల్, ఆసిడ్, రంగులు పోసిన డ్రమ్ము ఎంత కడిగినా వద్దు.
- డ్రమ్ముకంటూ వేరే ఎయిర్ పంపు, ఎయిర్ స్టోన్.
- అదనంగా ఒక స్పాంజ్ ఫిల్టర్. ఎందుకో అయిదో భాగంలో తెలుస్తుంది.
- థర్మామీటర్, చిన్న నోటుబుక్కు.

డ్రమ్ము ఎంతది? తొట్టిలో నాలుగో వంతు నీళ్లు పట్టేంత ఉంటే చాలు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టిలో లెక్క ప్రకారం 56 లీటర్లు పడతాయి. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 45 నుంచి 50 అనుకోవచ్చు. దానికి 20 లీటర్ల బకెట్టు కూడా సరిపోతుంది.

## 2. అమ్మోనియా నల్లాదా, తొట్టిదా? మూడు గ్లాసుల పరీక్ష

చాలామంది తొట్టి నీళ్లు ఒక్కటే పరీక్షించి నల్లాను తప్పుపడతారు, లేదా దానికి తలకిందులుగా చేస్తారు. మూడు చోట్ల కొలవాలి.

మొదటి గ్లాసు నల్లాది, బోరు నీళ్లు వాడేవాళ్లకు బోరుది. నల్లా వచ్చిన వెంటనే పట్టొద్దు, అయిదు పది నిమిషాలు వదిలి పట్టండి. మన దగ్గర నల్లా గంటల లెక్కన వస్తుంది. రానప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు, పగుళ్లున్న చోట బయటి మురికి లోపలికి ఇంకుతుంది. మొదట వచ్చే ధారలో అదంతా ఉంటుంది.

నీళ్లు పట్టేది కూడా గేటు దగ్గరి నల్లా నుంచే. సంపు నుంచో, పైట్యాంకు నుంచో పట్టొద్దు. చాలా ఇళ్లలో సంపులోనే బోరు నీళ్లు, నల్లా నీళ్లు కలిసిపోతాయి. ఇవాళ సగం సగం, రేపు అంతా బోరే. అలాంటి నీళ్లకు ఒకసారి చేసిన పరీక్ష మరుసటి వారానికి పనికిరాదు.

రెండో గ్లాసు అవే నీళ్లది, కాకపోతే బకెట్టులో ఎయిర్ స్టోన్ వేసి 24 గంటలు ఉంచాక తీసినది.

మూడో గ్లాసు తొట్టిది, నీళ్లు మార్చకముందు తీసినది.

మూడింటిలోనూ అమ్మోనియా, పీహెచ్ చూడండి. మొదటి రెండింటిలో క్లోరిన్ కూడా చూడండి. ఏపీఐ కంపెనీ కిట్టు అయితే 5 మి.లీ. నీళ్లకు మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో సీసా నుంచి 8 చుక్కలు వేసి బాగా కుదిపి, 5 నిమిషాలు ఆగి, తెల్ల కాగితం ముందు పగటి వెలుతురులో రంగు పోల్చాలి. పసుపు అంటే సున్నా, ఆకుపచ్చ ముదిరేకొద్దీ అమ్మోనియా ఎక్కువ. ట్యూబ్ లైటు కింద పసుపు కూడా లేత ఆకుపచ్చగా కనపడి కంగారు పెడుతుంది. వేరే కిట్టు అయితే దాని కాగితంలో ఉన్నట్టే చేయండి.

ఇక ఫలితాలు ఇలా చదవాలి:

- మొదటి గ్లాసులో అమ్మోనియా సున్నా, మూడో గ్లాసులో ఉంది. తప్పు నల్లాది కాదు. మేత ఎక్కువైంది, చేపలు ఎక్కువయ్యాయి, లేదా ఫిల్టర్ ఇంకా పక్వానికి రాలేదు, అంటే అమ్మోనియాను తినే బాక్టీరియా దానికి పూర్తిగా పట్టలేదు.
- మొదటి గ్లాసులో క్లోరిన్ ఉంది, అమ్మోనియా లేదు, రెండో గ్లాసులో క్లోరిన్ పోయింది. మామూలు క్లోరిన్ నీళ్లు. హైపో చాలు.
- మొదటి గ్లాసులో అమ్మోనియా, క్లోరిన్ రెండూ ఉన్నాయి, 24 గంటల తర్వాత కూడా పసుపు రంగు పోలేదు. ఇది క్లోరమైన్, అంటే క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడేది.
- అమ్మోనియా ఉంది, క్లోరిన్ అసలు లేదు. బోరు నీళ్లలో అయితే దగ్గర్లోని సెప్టిక్ ట్యాంకునో మురికి కాలువనో అనుమానించండి. నల్లా నీళ్లలో అయితే ఆ నీళ్లు మీరు తాగడానికి కూడా మంచివి కావు, మున్సిపల్ కార్పొరేషన్‌కు ఫిర్యాదు చేయండి.

ఓటీ పరీక్ష చేసిన నీళ్లను తొట్టిలో గానీ డ్రమ్ములో గానీ పోయొద్దు. ఆ ద్రావణం విషం. చేతికి అంటితే కడుక్కోండి, పిల్లలకు అందకుండా పెట్టండి.

క్లోరమైన్ గురించి ఒక మాట చెప్పాలి. వరంగల్‌కు తాగునీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి లాంటి చెరువుల నుంచి ఫిల్టర్ బెడ్ల (నీళ్లు శుద్ధి చేసే కేంద్రాల) మీదుగా వస్తాయి. కరీంనగర్‌కు లోయర్ మానేరు డ్యామ్ నుంచి. ఇవన్నీ పైకప్పు లేని జలాశయాలు. చెరువులోకి మురికినీళ్లు చేరినా, నాచు కుళ్లినా ముడినీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. అలాంటి నీళ్లలో క్లోరిన్ వేస్తే రెండూ కలిసి క్లోరమైన్ అవుతాయి. అంటే ఎవరూ కావాలని క్లోరమైన్ కలపకపోయినా మీ నల్లాలో అది ఉండొచ్చు. ఒక వారం ఉండి మరుసటి వారం ఉండకపోవచ్చు కూడా. ఈ మార్పే అందరినీ తికమక పెడుతుంది.

## 3. కిట్టు చూపిన అంకెను ఎలా చదవాలి

ఈ భాగం దాటేయొద్దు. మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే నిలబడతాయి.

నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మొప్పల గుండా నేరుగా రక్తంలోకి పోయే విష రూపం. రెండోది అమ్మోనియం, చేపకు దాదాపు హాని చేయనిది. కిట్టు ఈ రెండింటినీ కలిపి ఒకే అంకె చూపిస్తుంది. అందులో విషం ఎంత అనేది పీహెచ్, వేడి తేలుస్తాయి. 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే మన ఇళ్లలో ఏడాదిలో చాలా నెలలుండే వేడి దగ్గర, లెక్క సుమారుగా ఇది:

- పీహెచ్ 7.0 అయితే మొత్తం అమ్మోనియాలో 0.8 శాతం విషం
- పీహెచ్ 7.5 అయితే 2.5 శాతం
- పీహెచ్ 8.0 అయితే 7.5 శాతం
- పీహెచ్ 8.5 అయితే 20 శాతం

విష రూపం లీటరుకు 0.02 మి.గ్రా. దాటితే చేపలను ఎక్కువ రోజులు ఉంచకూడదని పెంపకందారులు సాధారణంగా పెట్టుకునే గీత. దాన్ని బట్టి చూడండి. కిట్టు 0.5 చూపించి పీహెచ్ 7.0 ఉంటే విషం 0.004 మాత్రమే, నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. అదే 0.5, పీహెచ్ 8.0 దగ్గర 0.037. కిట్టులో రంగు ఒకటే, చేప పడే బాధ తొమ్మిదింతలు.

మనది రాతి నేల, గ్రానైటు పొరల మధ్య నుంచి వచ్చే బోరు నీళ్లు ఎక్కువగా గట్టినీళ్లే, అంటే లవణాలు ఎక్కువున్నవే. వాటి పీహెచ్ 7.5కు పైన ఉండటం మామూలు. కాబట్టి చల్లని దేశాల వాళ్లు రాసిన "0.5 వరకు పర్వాలేదు" లాంటి మాటలు మే నెలలో హన్మకొండలో పనికిరావు.

బోరు నీళ్ల పీహెచ్‌ను పట్టిన వెంటనే చూసి నమ్మకండి. భూమి లోపల కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వల్ల అప్పుడు తక్కువ చూపిస్తుంది. ఎయిర్ స్టోన్ వేసిన 24 గంటల తర్వాత వచ్చేదే అసలు పీహెచ్. రెండో గ్లాసు పెట్టమన్నది ఇందుకు కూడా.

తాగునీళ్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం అమ్మోనియా పరిమితి, నైట్రోజన్ లెక్కలో, లీటరుకు 0.5 మి.గ్రా. మీ కిట్టు అమ్మోనియా లెక్కలో చూపిస్తే అది సుమారు 0.6. మనుషులు తాగడానికి ప్రమాణం ఒప్పుకునే ఆ నీళ్లే పీహెచ్ 8.0, 30 డిగ్రీల దగ్గర ఉంటే విషం 0.045 అవుతుంది. మనం తాగే నీళ్లే కదా, చేపలకేం కాదులే అనే మాట ఇక్కడ నిలవదు.

## 4. హైపో ద్రావణం

హైపో గడ్డను నేరుగా తొట్టిలో పడేసే అలవాటు మానండి. ఎంత వేశామో తెలియదు.

1. 10 గ్రాముల హైపో తూచండి.
2. శుభ్రమైన సీసాలో ఆర్వో నీళ్లు లేదా డిస్టిల్డ్ వాటర్ పోసి, కరిగించి, మొత్తం 100 మి.లీ. అయ్యేలా చూడండి.
3. సీసా మీద పేరు, తేదీ రాసి, వెలుతురు తగలని చోట పెట్టండి. నెలకోసారి కొత్తది కలుపుకోండి.
4. వాడకం: ప్రతి 10 లీటర్లకు 1 మి.లీ.

లెక్క ఏమిటంటే, ఒక మి.గ్రా. క్లోరిన్‌ను విరవడానికి సుమారు 7 మి.గ్రా. హైపో కావాలి. పై మోతాదులో లీటరుకు 10 మి.గ్రా. హైపో పడుతుంది, అంటే 1.4 మి.గ్రా. దాకా క్లోరిన్‌కు సరిపోతుంది. నల్లా చివర కనీసం 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగలాలన్నది ప్రమాణం, ఫిల్టర్ బెడ్‌కు దగ్గరి కాలనీల్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. హైపో వేసిన అరగంటకు ఓటీ పరీక్ష చేయండి. ఇంకా పసుపు కనపడితే అంతే మోతాదు మళ్లీ వేయండి.

హైపో క్లోరిన్‌ను మాత్రమే తీస్తుంది. క్లోరమైన్‌ను విరిచాక అందులోని అమ్మోనియా నీళ్లలోనే ఉండిపోతుంది. "యాంటీ క్లోరిన్ వేశాను కదా" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. షాపులో అమ్మే యాంటీ క్లోరిన్ చుక్కల మందు చాలావరకు హైపోయే. లీటరుకు (క్లోరిన్ లెక్కలో) 1 మి.గ్రా. క్లోరమైన్ ఉన్న నీళ్లలో హైపో వేస్తే సుమారు 0.24 మి.గ్రా. అమ్మోనియా బయటపడుతుంది.

అమ్మోనియాను కూడా కట్టేస్తామని చెప్పే కండిషనర్లు మార్కెట్లో ఉన్నాయి. అత్యవసరానికి ఒక సీసా ఇంట్లో ఉంచుకోండి, తప్పు లేదు. కానీ వారం వారం వాటి మీదే బతకొద్దు. అమ్మోనియా నీళ్లలోంచి ఎక్కడికీ పోదు, దాన్ని నిజంగా తినేది ఫిల్టర్లోని బాక్టీరియాయే. కండిషనర్ వేశాక కూడా సాలిసిలేట్ కిట్టు రంగు చూపిస్తుంది, అది చూసి ఇంకా ఇంకా మందు గుమ్మరించొద్దు.

## 5. డ్రమ్ము పద్ధతి

తొట్టిలో బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా (ఇదీ చేపకు విషమే), నైట్రైట్‌ను అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తుంది. ఆ పనిని చేపలు లేని డ్రమ్ములో ముందురోజే చేయించుకోవడమే ఈ పద్ధతి. దానికి పక్వమైన స్పాంజ్ కావాలి. అందుకే అదనపు స్పాంజ్ ఫిల్టర్‌ను తొట్టిలో ఒక మూల ఎప్పుడూ నడుస్తూ ఉంచండి. నెల, నెలన్నరకు అది బాక్టీరియాతో నిండుతుంది.

ముందురోజు

1. నల్లా వచ్చాక పది నిమిషాలు వదిలి డ్రమ్ము నింపండి. డ్రమ్ము ఇంటి లోపలే, నీడలో ఉండాలి.
2. ఎయిర్ స్టోన్ ఆన్ చేయండి.
3. హైపో ద్రావణం కొలిచి వేయండి. కర్రతో కాదు, శుభ్రమైన మగ్గుతో కలపండి.
4. అరగంట ఆగి ఓటీ పరీక్ష చేయండి. పసుపు అసలు కనపడకూడదు. ఇది ఖాయమయ్యేదాకా తర్వాతి మెట్టుకు పోవద్దు.
5. అమ్మోనియా చూడండి. సున్నా అయితే స్పాంజ్ అవసరం లేదు, రాత్రంతా గాలి ఆడితే చాలు.
6. అమ్మోనియా ఉంటే తొట్టిలోని అదనపు స్పాంజ్ ఫిల్టర్‌ను పిండకుండా, చిన్న గిన్నెలో తొట్టి నీళ్లతోనే మోసుకొచ్చి డ్రమ్ములో పెట్టి నడపండి.
7. డ్రమ్ము మీద సన్నని వల లేదా పాత చున్నీ కట్టండి. నిలవ నీళ్లలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. గాలి ఆడాలి, దోమ దూరకూడదు.

మర్నాడు

8. డ్రమ్ములో అమ్మోనియా మళ్లీ చూడండి. నైట్రైట్ కిట్టు ఉంటే అదీ చూడండి. అమ్మోనియా తగ్గి నైట్రైట్ కనపడితే పని సగంలో ఉంది, ఇంకో రోజు వదిలేయండి.
9. పీహెచ్, వేడి రెండూ తొట్టితో పోల్చండి. వేడిలో తేడా రెండు డిగ్రీల లోపు ఉండాలి.
10. అన్నీ సరిపోతే ముందు స్పాంజ్‌ను తొట్టిలోకి తిరిగి పంపి, తర్వాత నీళ్లు మార్చండి. స్పాంజ్ ఖాళీ డ్రమ్ములో ఎండితే, తిండి లేక నాలుగు రోజులుంటే, మళ్లీ మొదటికి వస్తుంది.

నాలుగో మెట్టు దగ్గర తొందరపడితే క్లోరిన్ స్పాంజ్‌లోని బాక్టీరియాను చంపుతుంది. అప్పుడు డ్రమ్మూ పనిచేయదు, తొట్టికి ఉన్న రెండో ఫిల్టరూ పోతుంది. ఈ పద్ధతి పని చేయలేదని చెప్పేవాళ్లను అడిగితే ఎక్కువసార్లు తేలేది ఇదే.

కొత్తగా తొట్టి పెట్టినవాళ్లకు పక్వమైన స్పాంజ్ ఉండదు. ఆరోగ్యంగా ఉన్న తొట్టి నడిపే స్నేహితుడి దగ్గర పాత స్పాంజ్ ముక్క అడిగి తెచ్చుకోవడం మంచి మార్గం. తడి ఆరకుండా అదే రోజు పెట్టేయాలి. చేపలు చనిపోతున్న తొట్టి నుంచి మాత్రం వద్దు, రోగం కూడా వస్తుంది.

## 6. ఒకసారికి ఎంత మార్చాలి

లెక్క సులువు. నల్లాలో 1.0 అమ్మోనియా ఉండి, మీరు 20 శాతం నీళ్లు మారిస్తే తొట్టిలో 0.2 పెరుగుతుంది. 50 శాతం మారిస్తే 0.5. మొత్తం మారిస్తే నల్లాలో ఉన్నదంతా. పక్వమైన ఫిల్టర్ ఉన్న తొట్టి 0.2ను ఒక రోజులో తినేస్తుంది. 0.5, అదీ పీహెచ్ 8 మీద, ఆ తినే లోపే చేప మొప్పలను కాలుస్తుంది.

కాబట్టి డ్రమ్ములో తయారు చేసుకునే వీలు లేని వారం వారానికి ఒకసారి సగం కాకుండా, రెండుసార్లు పది పదిహేను శాతం చొప్పున మార్చండి. మారే నీళ్లు తక్కువే, కానీ చేపకు దెబ్బ కూడా తక్కువ.

పాత తొట్ల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది నల్లా మీదకు నెడతారు. నెలల తరబడి నీళ్లు మార్చని తొట్టిలో పీహెచ్ మెల్లగా పడిపోతుంది, 6.5కు వచ్చేస్తుంది. అక్కడ బాక్టీరియా మందగించి అమ్మోనియా 2.0 దాకా చేరినా విషం 0.005 మాత్రమే, చేపలు మామూలుగానే తిరుగుతుంటాయి. ఒకరోజు యజమాని శుభ్రం చేద్దామని సగం నీళ్లు తీసి బోరు నీళ్లు పోస్తాడు. అమ్మోనియా సగానికి, అంటే 1.0కు తగ్గుతుంది. కానీ పీహెచ్ 7.8కు ఎగబాకితే విషం 0.05 అవుతుంది. మొత్తం సగమైంది, విషం పదింతలైంది. చేపలు రాత్రికి పైకొస్తాయి.

అలాంటి తొట్టి మీ దగ్గరుంటే:

- మొదటిరోజు 5 శాతమే మార్చండి.
- రోజు విడిచి రోజు 5 నుంచి 10 శాతం, పీహెచ్ రోజుకు 0.2 మించి కదలకుండా.
- ఈలోగా మేత సగానికి తగ్గించండి.
- అమ్మోనియా 0.25 కిందకి దిగాకే మామూలు మోతాదుకు రండి.

## 7. డ్రమ్ముకు తోడుగా పనికొచ్చేవి

జియోలైట్. అమ్మోనియంను పట్టి ఉంచే రాయి. వల సంచిలో వేసి డ్రమ్ములో ఎయిర్ స్టోన్ పక్కనే వేలాడదీయండి. పక్వమైన స్పాంజ్ లేనివాళ్లకు ఇదే దిక్కు. అయితే జియోలైట్ ఉన్న నీళ్లలో ఉప్పు వేయకూడదు. ఉప్పు తగిలితే అది పట్టిన అమ్మోనియానంతా తిరిగి వదిలేస్తుంది. ఇదే గుణాన్ని వాడుకుని, నిండిపోయిన జియోలైట్‌ను విడిగా చిక్కటి ఉప్పునీళ్లలో ఒక రోజు నానబెట్టి, బాగా కడిగి, మళ్లీ వాడుకోవచ్చు.

ఆర్వో క్యాను నీళ్లు. ఇరవై లీటర్ల క్యాను నీళ్లను నల్లా నీళ్లలో సగానికి కలిపితే అమ్మోనియా, పీహెచ్ రెండూ దిగుతాయి. అచ్చంగా ఆర్వో నీళ్లే పోస్తే పీహెచ్‌ను నిలబెట్టే లవణాలు ఉండవు, కొన్ని రోజులకు కుప్పకూలుతుంది. ఇంట్లో ఆర్వో మిషను బయటికి వదిలే వేస్టు నీళ్లలో లవణాలు చిక్కబడి ఉంటాయి, వాటిని మొక్కలకో గిన్నెలకో వాడుకోండి, చేపలకు వద్దు.

మనీ ప్లాంట్. వేళ్లు నీళ్లలో, ఆకులు బయట ఉండేలా తొట్టి అంచున పెట్టండి. అమ్మోనియం, నైట్రేట్ రెండూ లాక్కుంటుంది. నెమ్మదిగా చేసే పని, అత్యవసరానికి పనికిరాదు. చెరువులో దొరికే గుర్రపు డెక్క తెచ్చి వేయొద్దు, దాంతో పాటు జలగలు, నత్తలు, చేప పేలు వస్తాయి.

## 8. ఎక్కువమంది చేసే తప్పులు, వాటికి మందు

ఫిల్టర్‌ను నల్లా కింద కడగడం. క్లోరిన్‌తో బాక్టీరియా పోతుంది, వారంలో అమ్మోనియా పైకి లేస్తుంది. తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి.

సంపులో బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు నీళ్లు పట్టడం. అపార్ట్‌మెంట్లలో ఇది తరచూ జరుగుతుంది. వాచ్‌మన్‌ను అడిగి ఏ రోజు వేస్తారో రాసుకోండి, ఆ తర్వాత మూడు రోజులు ఆ నీళ్ల జోలికి పోవద్దు.

నిమ్మరసం, ఆసిడ్, పటికతో పీహెచ్ దించడం. గట్టినీళ్లలో కాసేపు దిగి మళ్లీ లేస్తుంది. ఆ ఊగిసలాట అమ్మోనియా కంటే ముందు చేపను చంపుతుంది. పీహెచ్ దించాలంటే ఆర్వో నీళ్లు కలపడమే మార్గం.

చేపకు మచ్చ కనపడగానే తొట్టిలో నీలం మందు పోయడం. మిథిలిన్ బ్లూ ఫిల్టర్ బాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. రోగం వచ్చిన చేపను వేరే బకెట్టులో పెట్టి వైద్యం చేయండి.

ఎక్స్‌పైరీ దాటిన కిట్టు. మన వేడికి చుక్కల మందు త్వరగా చెడుతుంది. అనుమానం వస్తే డిస్టిల్డ్ వాటర్‌తో పరీక్షించండి. సున్నా చూపకపోతే కొత్తది కొనాలి. సున్నా చూపించినా పనిచేస్తోందో లేదో తెలియాలంటే, గట్టిగా మేత వేసి రెండు రోజులు ఉంచిన మగ్గు నీళ్లను పరీక్షించండి, ముదురు ఆకుపచ్చ రావాలి.

## 9. నీళ్లు పోశాక చేపలు పైకొస్తే

కంగారులో మళ్లీ నల్లా నీళ్లు పోయడమే అందరూ చేసే మొదటి పని. ఆగండి. ఈ వరసలో పోండి:

1. ఎయిర్ పంపు పూర్తి వేగంతో. ఉన్న రెండో పంపు కూడా పెట్టండి.
2. కొత్తగా పోసిన నీళ్లకు కాదు, తొట్టి మొత్తానికి సరిపడా హైపో వేయండి. నీళ్లు పోసిన నిమిషాల్లోనో గంటలోనో చేపలు గిలగిలలాడితే క్లోరిన్‌నే ముందు అనుమానించాలి.
3. అమ్మోనియా, పీహెచ్ కొలవండి. మూడో భాగంలోని లెక్కతో విషం ఎంతో చూడండి.
4. విషం 0.02 దాటితే అమ్మోనియాను కట్టే కండిషనర్ సీసా మీద రాసిన మోతాదులో వేయండి. అది లేకపోతే, ఆర్వో క్యాను నీళ్లకు ఎయిర్ స్టోన్‌తో గాలి పట్టించి, వేడి సరిచూసి, 20 శాతం మార్చండి.
5. మేత రెండు రోజులు ఆపండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు దానివల్ల ఏమీ కాదు.
6. లైటు ఆర్పండి, తొట్టి మీద గుడ్డ కప్పండి, పిల్లల్ని అద్దం తట్టనివ్వొద్దు.
7. ఆరు గంటలకోసారి కొలిచి రాసుకోండి. అంకె దిగుతుంటే ఇంకేమీ కలపొద్దు.

## 10. ఎండ, వాన, కరెంటు

ఏప్రిల్, మే నెలల్లో పైట్యాంకు నీళ్లు వేడెక్కి ఉంటాయి, వాటిని నేరుగా తొట్టిలో పోయకూడదు. వేడి పెరిగేకొద్దీ అమ్మోనియాలో విషం పాలు పెరుగుతుంది, నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర నీళ్లు లీటరుకు 8.3 మి.గ్రా. దాకా ఆక్సిజన్ పట్టి ఉంచితే 30 దగ్గర సుమారు 7.6 మాత్రమే. ఎండాకాలం డ్రమ్మును రాత్రిపూట నింపి, తెల్లవారుజామున నీళ్లు మార్చండి.

తొలకరి వానల్లో చెరువుల్లోకి కొత్తనీళ్లు వచ్చి, నల్లా నీళ్లు మట్టి రంగు తిరిగినా క్లోరిన్ వాసన ఘాటుగా వచ్చినా ఆ రోజులు పరీక్ష తప్పించొద్దు. క్లోరమైన్ కనపడేందుకు ఎక్కువ అవకాశం అప్పుడే. వాన తగ్గి నీళ్లు తేటపడేదాకా ముందే నిల్వ పెట్టుకున్న డ్రమ్ము నీళ్లతో నెట్టుకురండి.

గాలివానకు కరెంటు పోయి గంటల తరబడి రాకపోతే, స్పాంజ్ ఫిల్టర్‌ను బ్యాటరీ ఎయిర్ పంపుకు తగిలించండి. మూసిన డబ్బా లాంటి క్యానిస్టర్ ఫిల్టర్ అయితే, కరెంటు రాగానే తొట్టిలోకి వదలొద్దు. లోపల నిలిచిన నీళ్లలో బాక్టీరియా చచ్చి కుళ్లడం మొదలవుతుంది. ముందు ఆ నీళ్లను బకెట్టులోకి వంపేసి, లోపలి సామానును తొట్టి నీళ్లతో ఒకసారి తొలిచి, అప్పుడు కలపండి. ఆ తర్వాత మూడు రోజులు మేత సగమే వేస్తూ, రోజూ అమ్మోనియా చూడండి.